ఆర్ అంటే ఏ ఆర్?



ఈ నెల గోడ పత్రికలో "నా అభిప్రాయం" అనే చోట నేను ఇంగ్లీషు వ్యాకరణం గురించి రాస్తున్నాను. "అబ్బా, గ్రామరా!" అనుకుని పక్కనున్న బొమ్మల దగ్గరికి పోవద్దు. పది నిమిషాలు నిలబడి చదవండి. ఇందులో మా నాన్నకి రెండు రోజుల కూలి పోయిన సంగతి ఉంది. నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. అది చివర్లో చెప్తాను.

ముందు కూలి సంగతి. పోయిన సంవత్సరం నేను ఎనిమిదో తరగతి. స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చాయి. ఫారం ఇంకా మా చేతికి రాలేదు. పై తరగతి అక్క ఒకామె లైనులో నిలబెట్టి చదివి వినిపించింది. "ఫాదర్ ఆర్ మదర్ హాజ్ టు సైన్" అని ఉంది. నాకు వినపడింది ఫాదర్, ఆర్, మదర్. ఆర్ అంటే ఏంటి? ఐ యామ్, హీ ఈజ్, దే ఆర్. ఎక్కువమంది ఉంటే ఆర్ అని ఆరో తరగతి నుంచి చదువుతున్నాం గదా. అందుకని నాన్న, అమ్మ ఇద్దరూ సంతకం పెట్టాలి అనుకున్నా.

అమ్మ ఊళ్ళోనే ఉంది. నాన్న మిరపకాయ కోతకి పోయి ఉన్నాడు. మేస్త్రికి ఫోను చేయిస్తే నాన్న ఆ పూటే బయలుదేరి రెండు బస్సులు మారి వచ్చాడు. రెండు రోజుల కూలి పోయింది, చార్జీలు పోయాయి. వేలిముద్ర వేశాడు. ఫారం తీసుకున్న సారు చూసి, "ఒకరిది చాలు గదమ్మా, ఇద్దరూ ఎందుకొచ్చారు?" అన్నారు. నాన్న నన్నేమీ తిట్టలేదు. "నీకు ఇంగ్లీషు వచ్చు గదా బిడ్డా" అన్నాడంతే. తిట్టినా బాగుండేది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

తర్వాత తెలిసిన విషయమేమనగా, అక్కడ ఉన్న ఆర్ వేరే ఆర్. "గానీ" అనే ఆర్. నాన్న గానీ, అమ్మ గానీ. ఇంగ్లీషు వాళ్ళు దాన్ని కొంచెం ఓర్ లాగా పలుకుతారంట. మనం రెండిటినీ ఒకేలాగా ఆర్ అంటాం. ఒకటి కలిపేది, ఒకటి ఉండేది. ఒకటి సముచ్చయం జాతి, ఒకటి క్రియ. చెవికి మాత్రం రెండూ ఒకటే.

అయితే నేను చెప్పదలచుకున్నది ఉచ్చారణ గురించి కాదు. ఆ వాక్యంలోనే నాకు జవాబు ఉంది. "హాజ్" అని ఉంది చూశారా? హాజ్ అనేది ఒక్కరికే వస్తుంది. ఇద్దరూ రావాలంటే "ఫాదర్ అండ్ మదర్ హావ్ టు సైన్" అని ఉండేది. అంటే కలిపే మాట నాకు సరిగా వినపడకపోయినా, తర్వాత వచ్చే క్రియ "ఒక్కరు చాలు" అని సాక్ష్యం చెప్తూనే ఉంది. నేను ఆ సాక్షిని చూడలేదు. ఈజ్, ఆర్, హాజ్, హావ్ ఇవన్నీ మార్కుల కోసం పెట్టిన ముళ్ళు అనుకున్నాను. అవి ముళ్ళు కావు, దారి గుర్తులు. ఇదే నా అభిప్రాయం. మిగతాదంతా దీని కోసమే రాస్తున్నా.

మరి నేను ఎందుకు చూడలేదు? మొద్దుదాన్ని కాబట్టి కాదు. మన మాటలో ఆ చోట చూసే అవసరం లేదు. "నాన్నా, అమ్మా సంతకం పెట్టాలి." "నాన్న గానీ, అమ్మ గానీ సంతకం పెట్టాలి." రెండిట్లోనూ "పెట్టాలి" మారలేదు. ఒకరైనా పెట్టాలి, పదిమందైనా పెట్టాలి. కాబట్టి మన చెవి అక్కడ ఆగదు. ఇంగ్లీషు వాడి చెవి అక్కడే ఆగుతుంది.

ఇంకో సంగతి. తెలుగులో అండ్‌కి మాట ఉందా? పుస్తకంలో "మరియు" ఉంది. కానీ "ఉప్పు మరియు కారం వెయ్యి" అని వంటక్కతో ఎవరైనా అంటారా? "ఉప్పూ, కారం వెయ్యి" అంటాం. "అక్కా, చెల్లీ వచ్చారు" అంటాం. మాట చివర కొంచెం సాగదీస్తే అదే అండ్. మన అండ్ మాట లోపల దాక్కుని ఉంటుంది. ఇంగ్లీషు అండ్ బయట విడిగా నిలబడుతుంది. నిలబడి లెక్క పెడుతుంది. ఒకటి అండ్ ఒకటి, రెండు. రెండయ్యింది కాబట్టి క్రియ మారాలి. ఆ తర్వాతి వాక్యంలో సర్వనామం కూడా మారాలి. "మై సిస్టర్ అండ్ మై బ్రదర్ ఆర్ ఎట్ హోమ్. దే ఆర్ స్మాల్." అండ్ వచ్చింది, ఆర్ వచ్చింది, దే వచ్చింది. మూడూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని రేలా ఆడినట్టు ఉంటాయి. ఒకరు చెయ్యి వదిలితే వరస తెగిపోతుంది.

ఇప్పుడు బహువచనం చూద్దాం. "ది గర్ల్ సింగ్స్." "ది గర్ల్స్ సింగ్." ఎస్ అక్షరం ఒక్కటే, ఇద్దరు పంచుకోవాలి. నామవాచకానికి ఇస్తే క్రియకి లేదు, క్రియకి ఇస్తే నామవాచకానికి లేదు. నేను ఇలాగే గుర్తు పెట్టుకున్నాను. ఐ అని, యూ అని వచ్చినప్పుడు మాత్రం క్రియకి ఎస్ పెట్టకూడదు. ఎస్ లేకుండానే బహువచనం అయ్యేవి కూడా ఉన్నాయి. ఫుట్ ఫీట్ అవుతుంది, టూత్ టీత్ అవుతుంది, చైల్డ్ చిల్డ్రన్ అవుతుంది. మనం "చిల్డ్రన్స్" అని రాస్తాం. నవంబర్ 14న బోర్డు మీద "చిల్డ్రన్స్ డే" అని రాస్తారు గదా, దాన్ని చూసి అనుకుంటా. అక్కడి ఎస్ బహువచనం కాదు, "పిల్లల యొక్క" అనే ఎస్. "షూసులు విప్పండి" అని మనమంతా అంటాం. షూస్‌లో ఒక బహువచనం ఉంది, దాని మీద మళ్ళీ మన "లు" ఎక్కించాం. ఒకే గొర్రె మీద రెండు గుర్తులు వేసినట్టు. గొర్రె అంటే గుర్తొచ్చింది, ఇంగ్లీషులో గొర్రె ఒకటైనా షీప్, వంద అయినా షీప్. అప్పుడు ఎలా తెలుస్తుంది? మళ్ళీ క్రియే చెప్పాలి. "ది షీప్ ఈజ్" అంటే ఒకటి. "ది షీప్ ఆర్" అంటే మంద.

మన పిల్లలు ఎక్కువ తప్పు చేసేది నీళ్ళ దగ్గర, పాల దగ్గర. "నీళ్ళు చల్లగా ఉన్నాయి." "పాలు వేడిగా ఉన్నాయి." తెలుగులో ఇవి బహువచనం. అందుకని మనం "వాటర్స్ ఆర్ కోల్డ్, మిల్క్ ఆర్ హాట్" అని రాస్తాం. ఇంగ్లీషు వాళ్ళకి నీళ్ళు ఒకటే ముద్ద, లెక్కపెట్టలేరు. "ది వాటర్ ఈజ్ కోల్డ్." బియ్యం కూడా అంతే, "ది రైస్ ఈజ్". తెలుగులో కత్తెర ఒకటి ఉంది. ఇంగ్లీషులో "ది సిజర్స్ ఆర్", ఎందుకంటే దానికి రెండు కత్తులు. న్యూస్‌కి చివర ఎస్ ఉన్నా "ది న్యూస్ ఈజ్". మా కోయలో నీళ్ళని ఏరు అంటాం. తెలుగులో ఏరు అంటే పారేది, వాగు లాంటిది. ఒక్కో మాట లోకాన్ని ఒక్కో రకంగా కోసి పంచుకుంటుంది. ఎవరి కోత తప్పు? ఎవరిదీ తప్పు కాదు.

తమాషా ఏంటంటే అండ్ ఉన్నా ఒక్కోసారి ఒకటే అవుతుంది. "రైస్ అండ్ దాల్ ఈజ్ అవర్ డిన్నర్." అన్నం, పప్పు రెండూ కంచంలో కలిసి ఒక భోజనం అయిపోయింది కాబట్టి ఈజ్. "ఎలాంగ్ విత్" అనే మాట అండ్ లాగే కనపడుతుంది కానీ లెక్కలోకి రాదు. "ది హెడ్‌మాస్టర్, ఎలాంగ్ విత్ ది టీచర్స్, ఈజ్ కమింగ్." వస్తున్నది హెడ్‌మాస్టర్, వాళ్ళు వెంట వస్తున్నారు. "ఐదర్ ది వార్డెన్ ఆర్ ది గర్ల్స్ ఆర్ రాంగ్." ఇందులో రెండు ఆర్‌లు ఉన్నాయి. మొదటిది "గానీ", రెండోది క్రియ. గానీ అనే ఆర్ వస్తే క్రియ తనకి దగ్గర ఎవరున్నారో వాళ్ళని చూస్తుంది. దగ్గర గర్ల్స్ ఉన్నారు కాబట్టి ఆర్. తిరగేసి రాస్తే "ఐదర్ ది గర్ల్స్ ఆర్ ది వార్డెన్ ఈజ్ రాంగ్". (మేడం, ఇది ఉదాహరణ మాత్రమే!)

వరసగా పనులు చెప్పేటప్పుడు ఇంకో తేడా. "లేచి, పళ్ళు తోముకుని, స్నానం చేసి, ప్రార్థనకి వెళ్ళాం." తెలుగులో చివరి "వెళ్ళాం" ఒక్కటే కాలం మోస్తుంది, మిగతావి ఖాళీ చేతులతో నడుస్తాయి. ఇంగ్లీషులో అలా కుదరదు. తునికాకు కట్టలు మోసేటప్పుడు ఎవరి కట్ట వాళ్ళ నెత్తిన ఉంటుంది గదా, అలాగ ప్రతి క్రియా తన కాలం తనే మోయాలి. "వుయ్ గాట్ అప్, బ్రష్డ్ అవర్ టీత్, బేత్డ్ అండ్ వెంట్ టు ప్రేయర్." నేను ఆరో తరగతిలో "వుయ్ గెట్ అప్ బ్రష్ బాత్ వెంట్" అని రాసి సున్నా తెచ్చుకున్నా. ఇప్పుడు ఆలోచిస్తే అది సున్నా తప్పు కాదు. తెలుగు నియమాన్ని సరిగ్గా పాటించి ఇంగ్లీషు రాశాను.

సర్వనామాల దగ్గర ఇంకా ఉంది. తెలుగులో "వెళ్ళాం" అంటే చాలు, మేమే అని తెలిసిపోతుంది. ఇంగ్లీషు "వెంట్"లో ఎవరు వెళ్ళారో లేదు. అందుకే వాళ్ళు వుయ్, దే, షీ అని ప్రతిసారీ పెట్టుకోవాలి. పెట్టకపోతే వాక్యానికి తల ఉండదు. మనం "నేనూ, మా చెల్లీ" అంటాం. వాళ్ళు "మై సిస్టర్ అండ్ ఐ" అని తమని చివర పెట్టుకుంటారు, అది వాళ్ళ మర్యాద. "మేడం కాల్డ్ మై సిస్టర్ అండ్ మీ" అన్నప్పుడు ఐ రాకూడదు. అనుమానం వస్తే చెల్లిని కాసేపు పక్కన పెట్టి చూడండి. "మేడం కాల్డ్ ఐ" అంటామా? అనం. "మేడం కాల్డ్ మీ" అంటాం. అంతే.

మనకున్నవి వాళ్ళకి లేనివి కూడా ఉన్నాయి. మనకి "మనం" ఉంది, "మేము" ఉంది. వాళ్ళకి రెండిటికీ వుయ్ ఒక్కటే. ఎవరైనా పెద్దలు వచ్చి మైకులో "వుయ్ విల్ గెట్ ఎ న్యూ బిల్డింగ్" అంటే అందులో మనం ఉన్నామో లేదో ఆ మాటలో తెలియదు. తెలుగులో అయితే వెంటనే తెలిసిపోతుంది! వాళ్ళ యూ చూడండి. ఒక్కరితో మాట్లాడినా "యూ ఆర్" అంటారు, ఆర్ ఎందుకు? పూర్వం ఇంగ్లీషులో ఒక్కరిని దౌ అనేవాళ్ళు, ఎక్కువమందిని యూ అనేవాళ్ళు. తర్వాత గౌరవం కోసం ఒక్కరిని కూడా యూ అన్నారు. మెల్లగా దౌ పోయింది, అందరూ యూ అయ్యారు. అంటే యూ మన "మీరు" లాంటిదే. ఒక్క మేడంని మనం "మీరు వచ్చారు" అంటాం గదా, అలాగే యూ ఆర్. ఇది తెలిశాక నాకు యూ ఆర్ మళ్ళీ తప్పు పోలేదు.

పాత వ్యాకరణం ప్రకారం "ఎవ్రీ స్టూడెంట్ షుడ్ బ్రింగ్ హిజ్ ప్లేట్" అని రాసేవారు. ఎవ్రీ అంటే ఒక్కొక్కరు, కాబట్టి ఏకవచనం, కాబట్టి హిజ్. మరి ఆడపిల్లల హాస్టల్లో హిజ్ ఎవరు? ఇప్పుడు దెయిర్ అని రాసినా ఒప్పుకుంటున్నారు. మన దగ్గర హర్ అని రాయొచ్చు. నియమం కూడా మనుషులని చూసి మారుతుంది అని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇప్పుడు నా తప్పు చెప్తాను.

నేను ఏడో తరగతిలో ఉండగా ఆరో తరగతిలో మా ఊరి పిల్ల చేరింది. ఇంట్లో అంతా కోయే మాట్లాడతారు. తెలుగే ఆమెకి సగం వచ్చు. ఒకరోజు సాయంత్రం స్టడీ అవర్‌లో లేచి తన కుటుంబం గురించి చెప్పమన్నారు. "మై సిస్టర్ ఈజ్ స్మాల్. ఇట్ ఈజ్ క్రైయింగ్" అంది. హాలంతా నవ్వు. "మీ చెల్లి దూడా?" అని ఎవరో అన్నారు. నేనూ నవ్వాను. గట్టిగానే నవ్వాను, ఎందుకంటే నాకు షీ అని తెలుసు, నాకు తెలుసని అందరికీ తెలియాలి.

ఇప్పుడు లెక్క చూడండి. తెలుగులో "చెల్లి ఏడుస్తోంది", "దూడ అరుస్తోంది". క్రియ చివర ఒకటే. మా కోయలో ఒక్క మగవాడికి ఒక మాట, ఆడమనిషికీ మిగతా వాటికీ ఒక మాట. ఎక్కువమంది ఉన్నప్పుడూ మగవాళ్ళది వేరే, మిగతావి వేరే. తెలుగులో ఆడవాళ్ళు ఎక్కువమంది అయ్యేసరికి "వాళ్ళు" లోకి వచ్చి కూర్చుంటారు. ఇంగ్లీషులో ఒక్కటిగా ఉన్నప్పుడు హీ, షీ, ఇట్ అని మూడు గదులు. ఎక్కువైతే మగ, ఆడ, ఆవు, రాయి అందరూ దే అనే ఒకే గదిలోకి పోతారు. మూడు భాషలు, మూడు ఇళ్ళు. ఆ పిల్ల తన ఇంటి గది ప్రకారమే చెల్లిని కూర్చోబెట్టింది. అది తెలివితక్కువ కాదు, అది లెక్క. మా లెక్క.

దసరా సెలవులకి పోయిన పిల్ల మళ్ళీ రాలేదు. ఒక్క నవ్వు వల్లే మానేసిందని అనను, ఇంట్లో పని కూడా ఉంది. కానీ సంక్రాంతికి నేను పోయి అడిగితే, "అక్కా, అక్కడ నోరు తెరిస్తే నవ్వుతారు" అంది. నువ్వూ నవ్వావు అని అనలేదు. ఆమె అనకపోవడమే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

కొందరు అంటారు, "గ్రామర్ ఎందుకు, మాట్లాడటం వస్తే చాలు" అని. నేను ఒప్పుకోను. ఒక్క హాజ్ చూడనందుకు మా నాన్న కూలి పోయింది. రేపు బ్యాంకు కాగితం, భూమి కాగితం, ఆసుపత్రి కాగితం వస్తాయి. వాటిలో అండ్ ఉందో ఆర్ ఉందో మన ఇళ్ళలో చూడగలిగేది మనమే, మనకంటే ముందు చదివినవాళ్ళు లేరు. ఇంకొందరు "నియమాలు బట్టీ కొట్టండి" అంటారు. అదీ ఒప్పుకోను. ఆరో తరగతి నుంచి బట్టీ కొట్టే నేను ఆర్ దగ్గర పడ్డాను. మన మాటని పక్కన పెట్టుకుని చూస్తేనే ఇంగ్లీషు మాట ఎక్కడ తిరుగుతుందో కనపడుతుంది.

ఇది కొత్త సంగతి కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు (1863-1940) పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. అంత పెద్ద పండితుడే అడవి మాటలో వ్యాకరణం ఉందని కూర్చుని రాసుకున్నారు. మనం మన మాట మాట్లాడటానికి సిగ్గుపడుతున్నాం. మన పుస్తకాలు కొన్నిట్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటున్నాయి. మంచిదే. మూడో పేజీ లేదు. ఆ మూడో పేజీ మనం రాసుకుందాం.

కాబట్టి నా మనవి మూడు. ఒకటి, స్టడీ అవర్‌లో రోజూ పది నిమిషాలు బోర్డు మీద ఒకే వాక్యం ఇంగ్లీషులో, తెలుగులో, మన మన ఇళ్ళ మాటల్లో రాసి ఏది ఎక్కడ మారిందో గీత గీద్దాం. ఇంగ్లీషు సార్ గారు, వార్డెన్ మేడం గారు అనుమతి ఇవ్వాలని కోరుతున్నాను. రెండు, ఇంటికి పంపే ఏ ఫారమైనా ముందు మా చేతికి ఇచ్చి, మాతో చదివించి, అండ్ కింద, ఆర్ కింద గీత పెట్టించండి. మూడు, ఎవరైనా తప్పు మాట్లాడితే నవ్వొద్దు. "మీ మాటలో దీన్ని ఎలా అంటారు?" అని అడగండి. ఆ ప్రశ్న అడిగితే తప్పు ఎక్కడినుంచి వచ్చిందో దొరుకుతుంది. నవ్వితే పిల్ల పోతుంది, తప్పు అక్కడే ఉంటుంది.

వేసవి సెలవులకి ఇంటికి పోయినప్పుడు ఆ పిల్ల దగ్గరికి మళ్ళీ పోతాను. మేడం గారు ఒప్పుకుంటే ఈ కాగితం కూడా తీసుకుపోయి చదివి వినిపిస్తాను. వస్తుందో రాదో తెలియదు. వస్తే మాత్రం నేను "షీ హాజ్ కమ్" అని చెప్తాను. తర్వాత "షీ అండ్ ఐ ఆర్ ఫ్రెండ్స్" అని చెప్తాను. అండ్ వచ్చింది కాబట్టి ఆర్. ఇది ఇంక నాకు తప్పు పోదు.

తప్పులుంటే దిద్దగలరు, నవ్వొద్దు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని
(పేరు రాయలేదు. చేతిరాత చూస్తే మీకే తెలుస్తుంది.)